చక్రం నేల వదలకుండా

జీపు ఎత్తుగా నిలబడితే చాలు, దాన్ని ఆఫ్‌రోడ్ బండి అనేస్తున్నారు. నేను ఒప్పుకోను.

1920లోనే పొల్లాచ్చి, పళని మధ్య బస్సు తిప్పిన జి.డి. నాయుడు ఊరు మా కోయంబత్తూరు. యంత్రాన్ని విప్పి చూడనిదే ఇక్కడ చాలామందికి నిద్ర పట్టదు. ఇంట్లో తెలుగు, షెడ్డులో తమిళం మాట్లాడే మా పీళమేడు కుర్రాళ్ల చేతిలో పాత మహీంద్రా జీపు పడితే ముందు చేసే పని ఒకటే. యాక్సిల్ కింద ఉండే కమాన్ కట్టను విప్పి పైకెక్కిస్తారు. బండి నాలుగైదు అంగుళాలు లేస్తుంది.

తలనొప్పులు అక్కడే మొదలు. ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు పెరిగి, వేగం అందుకోగానే బండి వణుకుతుంది. స్టీరింగ్ లింకు ఏటవాలుగా మారి, ప్రతి గుంతలోనూ స్టీరింగ్ చక్రాన్ని తనే లాగేస్తుంది. పాత షాక్ అబ్జార్బర్ పొడవు చాలక, చక్రం కిందికి దిగాల్సిన చోట అదే అడ్డుపడుతుంది. బండరాయి ఎక్కేటప్పుడు ఒక చక్రం గాల్లో తేలితే ఇంజిను బలం అటే పోతుంది, అది ఊరికే తిరుగుతుంది. లేపిన అంగుళాలు అక్కడ దేనికీ పనికిరావు.

అందుకే పనితెలిసిన మేస్త్రీ ఎత్తు కొలవడానికి టేపు తీయడు. ఒక ముందు చక్రం కింద జాకీ పెట్టి లేపుతూ, మిగతా చక్రాలు ఎంతవరకు నేలను వదలవో చూస్తాడు. కట్ట మరీ బిగువుగా ఉంటే ఒకటో రెండో పట్టీలు తీసేస్తాడు. బరువు మోయాల్సిన బండికి మాత్రం ఆ పని చేయడు.

మా ఊరి కరివర్ధన్ నేలకు ఆనుకుని పరుగెత్తే ఫార్ములా కార్లు తయారుచేశాడు. 1995లో విమాన ప్రమాదంలో పోయాడు. చెట్టిపాళయం రేసు ట్రాకు ఆయన పేరు మీదే ఉంది. ఆ కార్లకూ ఈ జీపులకూ ఎత్తులో పొంతన లేదు గానీ, సస్పెన్షన్ చేయాల్సిన పని రెండింటిలోనూ ఒకటే, టైరును నేలకు అంటిపెట్టి ఉంచడం.

ఇక చట్టం. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కేరళ నుంచి వచ్చిన కేసులో అదే మాట గట్టిగా చెప్పింది. సొంత తోటలో తిప్పుకునేవాడి సంగతి వేరు, మా ఊరి అవినాశి రోడ్డెక్కేవాడి సంగతి వేరు.

లేపిన జీపు కొనబోతుంటే, ఎన్ని అంగుళాలు లేపారని అమ్మేవాడు అడక్కుండానే చెబుతాడు. మీరు వంగి బ్రేకు గొట్టం చూడండి. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు అది తీగలా బిగుసుకుంటే, బేరం అక్కడే ఆపేయండి.