పాత కలానికి కొత్త తిత్తి

మా తాతగారి ఎస్టర్‌బ్రుక్ జె పెన్ను బీరువా అరలో ఏళ్ల తరబడి పడి ఉంది. పక్కనున్న మీట ఎత్తబోతే కదల్లేదు. మొండికేసి లాగితే విరిగేదే. ఇలాంటి పెన్నుల్లో ముందు పోయేది లోపలి రబ్బరు తిత్తి. ఎండి, పెళుసెక్కి, తారు పెంకుల్లా బారెల్‌కి అంటుకుపోతుంది. మీటకు అడ్డం పడేవి ఆ పెంకులే.

పాళీ ఉన్న ముందు భాగాన్ని హెయిర్ డ్రయర్‌తో చెయ్యి ఓర్చేంత వేడి చేసి, నెమ్మదిగా తిప్పుతూ లాగాలి. సెల్యులాయిడ్ పెన్నయితే మంట దరిదాపులకు కూడా తీసుకుపోవద్దు, భగ్గుమంటుంది. పాళీని రాత్రంతా మంచినీళ్లలో ఉంచాను. తెల్లారేసరికి గ్లాసు నీలంగా మారింది. తాతగారు చివరిసారి పోసుకున్న సిరా అది.

తిత్తుల సైజుకు అంగుళంలో 64వ వంతుల లెక్క. 16 నంబరంటే పావు అంగుళం లావు. జె మోడల్‌కి అదే సరిపోతుంది. కొత్తవి ఇప్పటికీ తయారవుతున్నాయి కనుక వెతుకులాట తక్కువ. అతికించడానికి మాత్రం స్పిరిట్‌లో కరిగించిన లక్కే వాడాలి. సూపర్ గ్లూ గట్టిగా పట్టదని కాదు, మరీ గట్టిగా పట్టేస్తుందనే భయం. లక్క వేడికి వదులుతుంది. మన తర్వాత ఆ పెన్ను విప్పేవాడి సంగతీ చూడాలిగా! ఎస్టర్‌బ్రుక్ పాళీలు మరతో బిగుస్తాయి, ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకోవచ్చు.

అసలు తిప్పలు పార్కర్ 51తో. 1941లో వచ్చిన ఈ మోడల్‌లో పాళీ మొనను మాత్రమే బయట ఉంచే తొడుగు ఉంటుంది. అది పగిలితే ఎక్కువగా మరో 51 నుంచే తీయాల్సి వస్తుంది. మొదట్లో వచ్చిన వాక్యుమాటిక్ రకానికి రబ్బరు పొర కొత్తది దొరుకుతుంది. బారెల్ పోతే మాత్రం 1948లో వచ్చిన ఏరోమెట్రిక్‌ది పనికిరాదు, ఎందుకంటే వాక్యుమాటిక్ సిరా నింపే మర బారెల్ వెనక కొసన ఉంటుంది. పేరు ఒకటే అని ఫొటో చూసి కొన్నవాళ్లు మోసపోయేది ఇక్కడే. అందుకే రిపేరు చేసేవాళ్లు విరిగిన పెన్నులను డబ్బాల్లో దాచుకుంటారు. విరిగినవాటిని విప్పడం సరే. మూత కోసం బాగుపడే పెన్నును ముక్కలు చేయడం మాత్రం నాకు మింగుడుపడదు.

రాజమండ్రి పెన్నులకు విడిభాగాలు వెతికే ఈ బాధ చాలావరకు లేదు. అక్కడ 1932లో మొదలైన రత్నం పెన్నుల పేరు తెలియని తెలుగువాళ్లు తక్కువ. స్వదేశీ కలం బాగుందని గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. గంధకం బాగా దట్టించి గట్టిపరచిన రబ్బరే ఎబొనైట్. ఎబొనైట్ కడ్డీని లేత్ మీద తిప్పి చేసిన రత్నం వారి పాత పద్ధతి పెన్నుకు తిత్తి లేదు, మీట లేదు. సిరాను డ్రాపర్‌తో నేరుగా బారెల్‌లోకే పోస్తారు. కాబట్టి లోపల ఎండిపోయేదీ లేదు, విరిగేదీ లేదు. లోపం లేకపోలేదు: సిరా తగ్గాక చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి, కాగితం మీద బొట్టు రాలుతుంది. సగానికి దిగగానే మళ్లీ నింపుకుంటే ఆ గొడవ చాలావరకు తప్పుతుంది.

ఇలాంటి పెన్నుకు మూత పోయిందంటే పాత సామాను అంగళ్లన్నీ గాలించక్కర్లేదు. ఎబొనైట్ కడ్డీ, లేత్ పట్టే చెయ్యి ఉంటే చాలు. మర సరిచూసుకోవడానికి బారెల్‌ని మాత్రం వెంట తీసుకెళ్లాలి.