ఏ ఏడాది నీళ్లు?

మంగళవారం కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడి క్యూలో నా ముందున్న పెద్దమనిషి వెనక్కి తిరిగి ఫోను నా ముఖాన పెట్టాడు. శ్రీశైలం గేట్లు ఎత్తిన వీడియో. తెల్లటి నురగ, దానికి వెనక ఏదో సినిమా పాట. "చూడండి సార్, ఎన్ని నీళ్లు సముద్రం పాలవుతున్నాయో! ఇంకో నాలుగు డ్యాములు కడితే మనకు కరెంటు బిల్లు అన్నదే ఉండదు" అన్నాడు. వెనకున్న ఇద్దరు తలలూపారు. ఆ నీళ్లు సముద్రానికి పోయే ముందు మధ్యలో నాగార్జునసాగర్ ఉందని, మన ఇళ్లలో తాగేదీ అక్కణ్నుంచి వచ్చిన కృష్ణ నీళ్లేనని చెబుదామనుకున్నా. గుడిలో వాదన ఎందుకని ఊరుకున్నా. ఆ వాదనే ఇప్పుడు మీ నెత్తిన పడుతోంది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత జబ్బు తెలుసు. సగటు అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మా వీధిలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. సగటు తీస్తే రోజూ వచ్చినట్టే లెక్క. నల్లా రాని రోజు ఆ సగటును బిందెలో పట్టుకోమనండి.

కృష్ణ సంగతే చూడండి. బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు ముందేసుకుని, 75 శాతం భరోసాతో దొరికే నీరు 2,060 టీఎంసీలని తేల్చింది. అంటే నాలుగేళ్లలో మూడేళ్లు అంతకు తగ్గదు, నాలుగో ఏడు ఎవరి అదృష్టం వాళ్లది. తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 47 ఏళ్ల లెక్క తీసుకుని, భరోసాను 65 శాతానికి దించి 2,293 టీఎంసీలంది. సగటైతే 2,578. నది ఒకటే, అంకెలు మూడు. అందుకే ఎవరైనా ఫలానా నదిలో ఇన్ని టీఎంసీలున్నాయంటే, ఏ ఏడాది నీళ్లని అడుగుతాను. మన ఇంజినీర్లకూ దీనికో కట్టుబాటుంది. సాగు ప్రాజెక్టుకు 75 శాతం భరోసా చాలు. జలవిద్యుత్తుకు మాత్రం 90 శాతం భరోసా ఉన్న ఏడాదినే లెక్కలోకి తీసుకోవాలి. పదేళ్లలో తొమ్మిదేళ్లు ఆ మాత్రం నీళ్లు రావాలన్నమాట.

ఈ శాతాలన్నీ ఎక్కణ్నుంచి పుడతాయో నాకు తెలిసింది ఉద్యోగంలో చేరిన కొత్తలో. కృష్ణకు ఉపనది ఒకదాని మీద గేజి స్టేషనుకు నన్ను పంపారు. గట్టు మీద రేకుల గది. ఒడ్డు నుంచి ఏట్లోకి దిగుతూ వరసగా పాతిన స్తంభాలు, వాటికి బిగించిన ఎనామిల్ పలకల మీద నల్లటి అంకెలు. అక్కడి గేజి రీడరు వయసు నాకు రెండింతలు. పొద్దున ఎనిమిదికి దిగి, కొబ్బరి పీచుతో పలక మీది ఒండ్రు తుడిచి, అల లేచి పడేదాకా ఓపిగ్గా చూసి, నడిమి అంకె రాసుకునేవాడు. వరదొస్తే గంట గంటకూ అదే పని, రాత్రయితే టార్చిలైటుతో.

గేజి నీటి ఎత్తు చెబుతుంది గాని, ప్రవాహం ఎంతో చెప్పదు. దానికి పడవ వెయ్యాలి. ఏటికి అడ్డంగా తాడు కట్టి, వెడల్పును భాగాలు చేసి, ఒక్కో భాగంలో కరెంటు మీటరు నీళ్లలోకి దించాలి. గిన్నెల చక్రం తిరుగుతుంటే చెవికి పెట్టుకున్న గొట్టంలో టిక్కు టిక్కుమంటుంది. స్టాప్‌వాచీ పట్టుకుని ఆ టిక్కులు లెక్కపెట్టాలి. పైనుంచి లోతులో పదింట ఆరు వంతుల దగ్గర దొరికే వేగం, ఆ చోట పైనుంచి అడుగుదాకా ఉన్న నీటికంతటికీ సగటు. ఆ ఒక్క సగటునే నేను క్షమించాను. వేగాన్ని వైశాల్యంతో హెచ్చించి, భాగాలన్నీ కూడితే ఆనాటి ప్రవాహం తేలుతుంది. అక్కడితో అయిపోదు. వరద వెళ్లాక ఏటి అడుగు మారిపోతుంది. నిరుడు గేజి మీద రెండు మీటర్లకు పారిన నీళ్లు ఈ ఏడు అదే రెండు మీటర్లకు పారవు. మళ్లీ కొలవాల్సిందే.

వేసవిలో ఏరు ఎండింది. "నీళ్లే లేవు, రాయడానికేముంది?" అన్నాను, ఊరికి పోయే తొందరలో. ఆయన పుస్తకం తెరిచాడు. ఏప్రిల్ పేజీ నిండా సున్నాలు, ప్రతి సున్నా పక్కన టైము, సంతకం. "రాయకపోతే కాయితం ఖాళీగ ఉంటది సారూ. ఆ ఖాళీని రేపు ఆఫీసుల కూసున్నోళ్లు వాళ్లకు తోసిన నీళ్లతోని నింపుతరు" అన్నాడు.

అప్పటినుంచి ఏ ప్రాజెక్టు రిపోర్టు చేతికొచ్చినా ముందు సున్నాల కోసం వెతుకుతాను. కొలవని ఏళ్లను పక్క స్టేషను లెక్కలతోనో, వానల లెక్కలతోనో పూరించే పద్ధతులున్నాయి, తప్పు లేదు. ఎన్నేళ్లు కొలిచారో, ఎన్నేళ్లు పూరించారో మాత్రం మొదటి పేజీలోనే ఉండాలి.

ఆ కళ్లతో శ్రీశైలాన్ని చూడండి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాటికి అది కరెంటు కోసమే తలపెట్టిన ప్రాజెక్టు. సాగునీరు తర్వాత వచ్చి చేరింది. ఇవాళ కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల యంత్రాలున్నాయి. అన్నీ పూర్తిగా తిరిగితే సుమారు 70 వేల క్యూసెక్కులు కావాలి, అంటే రోజుకు ఆరు టీఎంసీలు. పూడిక పోను జలాశయంలో పట్టేది 215 టీఎంసీలు. పైనుంచి చుక్క రాకపోతే నెలన్నర కూడా గడవదు. ఆ పైనుంచి రావడమూ ఆలమట్టి, నారాయణపూర్ నిండాకే. 2009 అక్టోబరులో 25 లక్షల క్యూసెక్కులు మీదపడి కర్నూలు మునిగింది. 2023లో సాగర్ గేట్లు ఎత్తే పనే పడలేదు. ఎగువన జూరాలది ఇంకో తిప్పలు. అక్కడ వరద మరీ ఎక్కువైతే దిగువ మట్టం కూడా లేచి, నీరు దూకే ఎత్తు చాలక యంత్రాలు ఆపేస్తారు. నీళ్లు తక్కువైనా కరెంటు లేదు, ఎక్కువైనా లేదు.

ఈ లెక్కన 90 శాతం భరోసా అనే పరీక్షలో శ్రీశైలానికి ఇన్ని యంత్రాలు పెట్టడం కుదరదు. అయితే కట్టకుండా ఉండాల్సిందా?

2020 ఏప్రిల్ 5 రాత్రి తొమ్మిదింటికి దేశమంతా లైట్లార్పి దీపాలు పెట్టిన సంగతి గుర్తుందా? మా వీధిలోనూ ప్రతి బాల్కనీలో ప్రమిదలు వెలిగాయి. అరగంట లోపే దేశం మొత్తం మీద 31 వేల మెగావాట్లకు పైగా వాడకం పడిపోయింది. అందులో సగానికి పైగా సర్దింది జలవిద్యుత్తే. బొగ్గు కేంద్రం అంత చప్పున తగ్గలేదు, పెరగలేదు. నీటి యంత్రం నిమిషాల్లో ఆగుతుంది, నిమిషాల్లో అందుకుంటుంది. సుమారు 80 మీటర్ల ఎత్తు నుంచి దిగే ఒక్క టీఎంసీ 50 లక్షల యూనిట్ల పైచిలుకు ఇస్తుంది. ఆ యూనిట్లు మధ్యాహ్నం వచ్చాయా, సాయంత్రం ఏడింటికి వచ్చాయా అన్నదాన్ని బట్టే వాటి ధర. శ్రీశైలం ఎడమగట్టు యంత్రాలకు వెనక్కి తిరిగే గుణమూ ఉంది. దిగువన నీరు తగినంత ఉంటే, వాడకం లేనప్పుడు దాన్నే పైకి తోడి మళ్లీ దించవచ్చు. కర్నూలు దగ్గర పిన్నాపురంలో 1,680 మెగావాట్లకు ఇదే సూత్రం. పైకి తోడడానికి నాలుగు యూనిట్లు ఖర్చయితే తిరిగి వచ్చేది మూడు చిల్లర. అయినా గిట్టుబాటే. మధ్యాహ్నం సోలారు కరెంటు మిగిలిపోతోంది గనక.

ఇన్నాళ్లూ ఏ ఏడాది నీళ్లని అడిగిన నేను, ఇకమీద ఏ గంటకని కూడా అడగాలి. నది మీద కరెంటు ప్రాజెక్టు ప్రతిపాదన వస్తే, ప్రవాహానికి భరోసా లేదన్న ఒక్క కారణంతో దాన్ని కొట్టేయను. ఏడాది పొడవునా భరోసాగా నీళ్లున్నాయని చెప్పే ప్రతిపాదన వస్తే మాత్రం, వాళ్ల గేజి పుస్తకంలో ఏప్రిల్ పేజీ చూపించమంటాను.