చరిత్రే సాక్ష్యం: భండారు అచ్చమాంబ స్త్రీవిద్యా వాదం

తొలి తెలుగు కథ ఏది అన్న చర్చ భండారు అచ్చమాంబ (1874–1905) పేరును మళ్లీ వెలుగులోకి తెచ్చింది. 1902లో ‘హిందూసుందరి’ పత్రికలో వెలువడిన ఆమె ‘ధనత్రయోదశి’ 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’ కన్నా ముందుది కావడమే ఇందుకు కారణం. అయితే తొలి కథకురాలన్న గుర్తింపు ఆమె ప్రధాన కృషిని కొంత మరుగుపరచింది. ఆడపిల్లకు చదువెందుకన్న ప్రశ్నకు ఆమె ఇచ్చిన విస్తృతమైన సమాధానం 1901లో ప్రచురితమైన ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’లో ఉంది. ఆ గ్రంథ ప్రణాళికే ఒక వాదమని చూపడం ఈ వ్యాస లక్ష్యం.

అచ్చమాంబ కృష్ణాజిల్లా మెట్టప్రాంతంలో, నందిగామ, జగ్గయ్యపేటల నడుమ మునేటి ఒడ్డునున్న పెనుగంచిప్రోలులో జన్మించారు. తండ్రి కొమర్రాజు వెంకటప్పయ్య మునగాల సంస్థాన దివాను. ఆమె చిన్నతనంలోనే ఆయన మరణించారు. పదేళ్ల వయసులో భండారు మాధవరావుకు రెండవ భార్యగా ఆమెకు వివాహమైంది. అప్పటికి ఆమెకు బడిచదువు లేదు. తర్వాత తల్లి, తమ్ముడు లక్ష్మణరావు ఆమె ఇంటికే వచ్చి ఉన్నారు. తనకన్నా మూడేళ్లు చిన్నవాడైన తమ్ముడు చదువుకుంటున్నప్పుడు అతనితో పాటు ఆమె తెలుగు, హిందీ నేర్చుకున్నారు. అనంతరం స్వయంకృషితో మరికొన్ని భాషలు అభ్యసించారు.

ఈ సన్నివేశాన్ని తమ్ముడి ఉదారతకు నిదర్శనంగా చెప్పడం పరిపాటి. ఆయన తోడ్పాటు కాదనరానిదే. కాని ఒకే ఇంటి పిల్లల్లో కొడుకుకు చదువు సహజంగా లభించగా, కూతురికి అది వెసులుబాటుగా మాత్రమే దక్కింది. తండ్రిని కోల్పోవడం ఇద్దరికీ సమానం; పదేళ్లకే సంసారం అక్కకు మాత్రమే. ఈ తేడాకు ప్రతిభ కారణం కాదని ఆమె జీవితమే చెబుతుంది. ‘రత్నమాల’ ఆ అనుభవాన్ని ఎక్కడా ఆత్మకథగా మార్చలేదు. ఇతర స్త్రీల జీవితాల ద్వారా సాధారణ సత్యంగా నిలబెట్టింది.

స్త్రీలు స్వభావతః బలహీనులు, అవివేకులు అన్న అభిప్రాయాన్ని ఖండించడం ఈ గ్రంథ ఆశయాల్లో ఒకటి. ఆమె మూడు భాగాలను సంకల్పించారు: మొదట చారిత్రక భారతీయ స్త్రీలు, తర్వాత వేద పురాణాల్లోని స్త్రీలు, చివర విదేశీ స్త్రీలు. కాలక్రమాన్ని పాటిస్తే పురాణ స్త్రీలే ముందుండాలి. ఆమె చరిత్రకు అగ్రస్థానమిచ్చారు. పురాణ స్త్రీ మహిమను దైవాంశగా పక్కకు నెట్టడం సులభం. చరిత్రలో జీవించిన స్త్రీ సామర్థ్యాన్ని అలా కొట్టివేయలేరు. ఈ క్రమం వెనుక సాక్ష్యబలం పట్ల స్పష్టమైన ఎరుక ఉందని భావించవచ్చు. పతివ్రతా కథనం అనుకరణను కోరుతుంది. చరిత్ర రుజువును చూపుతుంది.

ఈ దృష్టితో చూస్తే ఖనా చరిత్ర ప్రత్యేక ప్రాధాన్యం గలది. బెంగాల్ ఐతిహ్యంలో జ్యోతిషశాస్త్రంలో మామను మించిన కోడలు ఖనా. ఆ పాండిత్యానికి మూల్యంగా నాలుక కోల్పోయింది. ఇక్కడ లోపం స్త్రీ బుద్ధిలో లేదు, ఆ బుద్ధిని సహించలేని కుటుంబంలో ఉంది. స్త్రీకి విద్య అబ్బదన్న వాదాన్ని ఈ ఒక్క కథ తలకిందులు చేస్తుంది: అబ్బిన విద్యను ఏం చేశారన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

ఈ వాదానికి పరిమితులూ ఉన్నాయి. శీర్షికలోని ‘సచ్చరిత్ర’ అన్న మాట సౌశీల్యాన్ని యోగ్యతకు షరతుగా నిలుపుతుంది. రాణులు, విదుషీమణుల వంటి అసాధారణ స్త్రీలను సాక్ష్యంగా నిలిపే పద్ధతిలో మెట్టచేలల్లో కూలికి పోయే ఆడపిల్లకు చోటు దొరకదు. ‘ధనత్రయోదశి’లోనూ భార్య నైతికశక్తి గృహపరిధిలోనే వ్యక్తమవుతుంది. అయినా అక్కడ పేదరికంలో దొంగతనానికి లోనైన భర్తను సరిదిద్దేది ఆమె వివేకమే. ఇల్లాలి ఆదర్శాన్ని తోసిపుచ్చకుండానే, ఇంటిలో తీర్పరి స్థానాన్ని అచ్చమాంబ స్త్రీకి ఇచ్చారు.

ఆమె రచనతోనే ఆగలేదు. 1902లో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీసమాజాన్ని స్థాపించారు. ఇంటిలో ఒంటరిగా సాగిన తన అభ్యాసానికి భిన్నంగా, స్త్రీలు కూడి నేర్చుకునే వేదికను కల్పించే ప్రయత్నమిది.

‘రత్నమాల’ రెండవ భాగం పూర్తికాక ముందే, 1905లో ఆమె మరణించారు. మరుసటి ఏడు, 1906లో, లక్ష్మణరావు కృషితో విజ్ఞానచంద్రికా మండలి ఏర్పడింది. చరిత్రను తెలుగు వచనంలో సామాన్య పాఠకులకు అందించిన ఘనతను ఆ మండలి నుండి లెక్కించడం అలవాటు. ఆ లెక్కను ఐదేళ్లు వెనక్కు జరిపి, బడిమెట్లెక్కని పెనుగంచిప్రోలు ఆడపడుచు గ్రంథంతో మొదలుపెట్టడం న్యాయం. తమ్ముని చదువు నీడలో అక్కను చూసే దృష్టి మారితేనే ఆధునిక తెలుగు వచన చరిత్రలో ఆమె స్థానం స్పష్టమవుతుంది.