తోమా అడిగింది ఎక్కువేమీ కాదు

చీపురుపల్లి వైపు ఇళ్లలో ప్రార్థన కూటం అంటే ఒకరు వాక్యం చదువుతారు, ఒకరు కీర్తన ఎత్తుకుంటారు. ఎక్కువసార్లు అది ఈ ఉత్తరాంధ్ర నేల ఇచ్చిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనే. ఆపైన సాక్ష్యాలు. జబ్బు నయమైంది, ఉద్యోగం వచ్చింది అని చెబుతారు. ఇంకా తేలని బాధనీ, లోపల మెదిలే అనుమానాన్నీ బయటపెట్టేవాళ్లు తక్కువ. సువార్తలు రాసినవాళ్లకు ఆ మొహమాటం లేదు.

యేసు శిష్యుడు తోమానే తీసుకోండి. అవిశ్వాసి అని అతనికి పడిన పేరు అన్యాయం. యోహాను 20వ అధ్యాయంలో, తోమా లేని సాయంత్రం, తిరిగి లేచిన యేసు మిగతా శిష్యులకు గాయాలున్న తన చేతులూ పక్కా చూపించాడు. చూశాకే వాళ్లు సంతోషించారు. వాళ్లకు అడక్కుండా దొరికిన దాన్నే తోమా నోరు తెరిచి అడిగాడు. లూకా ఇంకా నిర్మొహమాటి. సమాధి దగ్గర నుంచి వచ్చిన ఆడవాళ్ల మాటను అపొస్తలులు వెర్రి మాటలుగా కొట్టిపారేశారని రాశాడు. యేసే ఎదురుగా నిలబడినా వాళ్లు నమ్మలేకపోతుంటే కాల్చిన చేప ముక్క తిని చూపించాల్సి వచ్చింది. మత్తయి చివర్లో, కొండ మీద, కొందరు సందేహించారు. వాళ్లను విడదీయకుండానే, వెళ్లి సమస్త జనాలనూ శిష్యులను చేయమన్నాడు యేసు.

యేసు తోమాకు గాయాలు చూపిన ఘట్టం కన్నా దాని ముందు వారమే నాకు ముఖ్యం. నమ్మని తోమా నమ్మినవాళ్ల మధ్యే ఉన్నాడు. వాళ్లు వెళ్లగొట్టలేదు, అతనూ వెళ్లిపోలేదు. ఆ వారం లేకపోతే తర్వాతి ఘట్టమే లేదు.

మన ప్రాంతపు సంఘ చరిత్రలోనూ సందేహానికి పెద్ద పీటే ఉంది. 1836లో వచ్చిన అమెరికా బాప్టిస్టు శామ్యూల్ డే కొంతకాలం శ్రీకాకుళంలో ఉండి, మద్రాసు మీదుగా 1840లో నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా నమ్మినవాళ్లు కొద్దిమందే. ఈ తెలుగు మిషన్ మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. తర్వాత ఒంగోలులో అదే మిషన్‌కు చెందిన జాన్ క్లౌ, కరువు రోజుల్లో తిండి కోసం వస్తున్నారన్న మాట రాకూడదని, బాప్తిస్మాలే ఆపేశాడు. చివరికి 1878 జూలై 3న, ఒక్కరోజునే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ అనుమానం నమ్మకానికి అడ్డుపడలేదు, దాన్ని శుభ్రపరిచింది.

కాబట్టి కూటం నడిపే పెద్దలకు ఒక మనవి. కాలేజీ నుంచి వచ్చిన పిల్ల ‘ఇది నిజంగా జరిగిందా’ అని అడిగితే ‘తోమాలా మాట్లాడకు’ అని నోరు మూయించకండి. ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని యోహాను 20వ అధ్యాయాన్ని 24వ వచనం నుంచి కాకుండా, 19వ వచనం నుంచి చదవండి.