మొగలి అత్తరు నిలవాలంటే

పూల సారం బజారు నుంచి మాయమవడానికి చాలాసార్లు పువ్వు కొరత కారణం కాదు. 1893లో జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు టీమన్, క్రూగర్ వయొలెట్ పువ్వు వాసనను తలపించే అయొనోన్ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ తరువాత కొన్ని దశాబ్దాల్లోనే ఫ్రాన్స్‌లో ఆ పూల నుంచి సారం తీసే పని దాదాపు ఆగిపోయి, వయొలెట్ సాగు ప్రధానంగా ఆకుల సారం కోసమే మిగిలింది. తోట ఉంది, పువ్వు ఉంది, కొనేవాడు లేడు. కొనేవాడు లేనప్పుడు కోసేవాడూ కాచేవాడూ వేరే పని వెతుక్కుంటారు. వారితోపాటే ఏ పూటకు కోయాలి, ఎంత మంట పెట్టాలి, ఎప్పుడు దించాలి అన్న తెలివిడి కూడా వెళ్లిపోతుంది. తూర్పు తీరంలోని మొగలి పువ్వు ఇప్పుడు ఈ ప్రమాదం అంచున ఉంది కనుక, దాని అత్తరును నిలబెట్టడమంటే ఏమిటో వివరంగా ఆలోచించవలసి ఉంది.

మొగలి రేకులను జడలో ముడుచుకోవడం, బట్టల పెట్టెలో దాచుకోవడం తెలుగు ఇళ్లలో పాత అలవాటే. బిర్యానీలో చల్లే కేవడా నీరు కూడా ఈ పువ్వు నుంచి వచ్చేదే. వృక్షశాస్త్రంలో పాండనస్ ఒడోరిఫర్ అని పిలిచే ఈ మొక్కలో ఆడచెట్టు వేరు, మగచెట్టు వేరు. ఆడచెట్టుకు అనాసపండును పోలిన కాయలు కాస్తాయి, పరిమళం మాత్రం మగచెట్టు పూగుత్తిదే. సముద్రపు ఒడ్డున, కాలువ గట్ల మీద, పొలాల చుట్టూ కంచెగా ఇది ఎన్నో చోట్ల పెరుగుతున్నా, అత్తరు తయారీకి పేరుపడ్డది మాత్రం శ్రీకాకుళం జిల్లాకు సరిహద్దున ఉన్న ఒడిశాలోని గంజాం జిల్లా. ఛత్రపురం, రంగేయిలుండ, చికిటి ప్రాంతాల గ్రామాలలో వానాకాలంలో ముమ్మరంగా పూసే ఈ పువ్వు ఒడియా, తెలుగు మాట్లాడే కుటుంబాలకు పంటతోపాటు వచ్చే అదనపు ఆదాయంగా నిలిచింది. గంజాం కేవడా పువ్వుకూ, దాని రూహ్‌కూ భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. రూహ్ అంటే మరే ఆధార తైలమూ కలపకుండా తీసిన శుద్ధ పుష్పతైలం.

పువ్వును తెల్లవారుజామునే కోయాలి. ఎండ ఎక్కిన కొద్దీ వాసన తగ్గిపోతుంది కాబట్టి అత్తరు కాచే బట్టీలు ఊళ్ల మధ్యనే ఉంటాయి. ఆకుల అంచులకు రంపపు పళ్ల వంటి ముళ్లు ఉండడం వల్ల చేతులు చీరుకుపోకుండా ఆ పొత్తిని కోసి తేవడమే ఒక నేర్పు. బట్టీలో డేగ్ అనే పెద్ద రాగి కాగులో పూలు, నీరు నింపి, మూత చుట్టూ గుడ్డపేలికలూ బంకమట్టీ కలిపి సందు లేకుండా మెత్తి, కింద కట్టెల మంట పెడతారు. మూత నుంచి బయలుదేరే వెదురు గొట్టం, తాడు బిగించి చుట్టినది, పక్కనే నీటి తొట్టిలో మునిగి ఉన్న భప్కా అనే పొడుగుమెడ రాగి పాత్రలోకి దిగుతుంది. పూల వాసనను మోసుకొచ్చిన ఆవిరి ఆ చల్లదనానికి నీరుగా మారుతుంది. భప్కాలో ముందుగానే పోసి ఉంచిన చందన తైలం ఆ వాసనను పట్టుకుంటుంది. పాత్ర చల్లారాక, తైలం పైన తేలి నీరు అడుగున నిలుస్తుంది కనుక, అడుగు రంధ్రం తెరిచి ఆ నీటిని వదిలి, తిరిగి డేగ్‌లో పోసి, మరునాడు కొత్త పూలతో మళ్లీ కాస్తారు. తైలం ఇక వాసన పట్టలేనంతగా నిండేవరకు ఈ పని రోజుల తరబడి సాగుతుంది.

ఈ బట్టీకి ఉష్ణమాపకం ఉండదు, పీడనం చూపే ముల్లు ఉండదు. కాగులోని ఉడుకు చప్పుడును విని, భప్కా మెడను అరచేత్తో తాకి, ఆవిరి ఎంత వస్తున్నదో పనివాడు అంచనా వేస్తాడు. ఒక భప్కా తీసి మరొకటి అమర్చేటప్పుడు తడిగుడ్డతో డేగ్‌ను తుడిచి ఆవిరిని నెమ్మదింపజేస్తాడు. మంట ఎక్కువైతే పూలు మాడి ఆ కమురు తైలానికి అంటుకుంటుంది, తక్కువైతే పరిమళం పూర్తిగా దిగదు. ఈ తీర్పు పుస్తకంలో చదివి వచ్చేది కాదు, ఒక మంట పక్కన ఎన్నో వానాకాలాలు కూర్చుంటే వచ్చేది.

ఇంతటి శ్రమకు మొదటి దెబ్బ ఆధార తైలం వైపు నుంచి తగిలింది. చందన తైలం తక్కువ వేగంతో ఆవిరై, తనలో కలిసిన పూల వాసనను ఎక్కువకాలం పట్టి ఉంచుతుంది కాబట్టే సంప్రదాయ అత్తరుకు అది పునాది అయింది. అడవుల నరికివేత, దొంగరవాణా, దశాబ్దాలపాటు ప్రభుత్వ గుత్తాధిపత్యం వల్ల ప్రైవేటు సాగుకు ప్రోత్సాహం లేకపోవడం కలిసి చందనం అరుదై, ధర అందనంతగా పెరిగింది. దానితో చాలా బట్టీలలో చందనానికి బదులు లిక్విడ్ పారాఫిన్ అనే పెట్రోలియం నూనె చేరింది. పారాఫిన్ వాసనను మోస్తుందే గాని, చందనంలాగా పూల వాసనకు తోడునిచ్చి, కాలంతోపాటు దానిని పరిపక్వం చేయలేదు.

రెండో దెబ్బ కృత్రిమ రసాయనం నుంచి వచ్చింది. మొగలి తైలంలో అధికభాగం ఫినైల్ ఈథైల్ మిథైల్ ఈథర్ అనే ఒకే పదార్థం. దానిని కర్మాగారంలో చౌకగా తయారుచేయవచ్చు కనుక, పాన్ మసాలా, జర్దా, మిఠాయిల తయారీదారులకు అసలు రూహ్ అవసరం తగ్గిపోయింది. అయితే తైలంలో మిగిలిన కొద్దిభాగంలో ఉండే టెర్పినెన్-4-ఓల్ వంటి పదార్థాల వల్లనే, కోసిన మొగలిపొత్తిని విప్పినప్పుడు వచ్చే ఆ పచ్చిదనం, ఆ ఘాటు, ఆ వెనుక మిగిలే తీపి ఏర్పడతాయి. ఒక్క పదార్థంతో చేసిన కేవడా ముక్కుకు తగిలిన క్షణంలో మొగలిని గుర్తుచేస్తుంది, కాసేపటికి వట్టి మందువాసనగా మిగులుతుంది. కృత్రిమ పరిమళం తయారుచేయడం తప్పు కాదు. సామాన్యుడికి సువాసనను అందుబాటులోకి తెచ్చింది అదే. దానిని అసలు మొగలి అత్తరు అని చెప్పి అమ్మడమే అన్యాయం, ఎందుకంటే ఆ అబద్ధపు ధరతో నిజమైన బట్టీ పోటీపడలేదు.

కాబట్టి పునరుద్ధరణ సీసా దగ్గర కాక చెట్టు దగ్గర మొదలుకావాలి. విత్తనం నుంచి పెరిగిన మొగలి ఆడదో మగదో పూత వచ్చేదాకా తెలియదు. మంచి వాసనగల మగచెట్ల పిలకలను నాటితేనే పరిమళం నమ్మకంగా దక్కుతుంది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరులో తిత్లీ పలాస సమీపంలో తీరం తాకినప్పుడు ఈ తీరమంతా దెబ్బతిన్నది. ఇసుకను పట్టి నిలిపే మొగలి కంచెలను తిరిగి పెంచడం పరిమళంతోపాటు పొలాలకూ రక్షణే. ఆ తరువాతిది చందనం. కర్ణాటక 2001లో, తమిళనాడు 2002లో చట్టాలను సడలించి రైతు తన నేలలో పెంచిన చందనం మీద అతనికి హక్కు కల్పించాయి. తెలుగు రాష్ట్రాలలోనూ అనేకమంది రైతులు చందనం నాటారు. చందనపు చేవ ముదరడానికి పదిహేనేళ్లకు పైగా పడుతుంది కాబట్టి, ఆ కలపలో కొంత భాగమైనా అత్తరు బట్టీలకు సరసమైన ధరకు చేరే ఏర్పాటు ఇప్పటినుంచే జరగాలి.

ఇక మూడవది నిజాయితీగల చీటీ. తైలంలోని పదార్థాలను విడదీసి చూపే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్షతో చందనానికీ పారాఫిన్‌కూ తేడా సులభంగా తేలుతుంది, కృత్రిమ కల్తీ జాడలూ చాలావరకు బయటపడతాయి. 1991లో కన్నౌజ్‌లో ఏర్పడిన సుగంధ, రుచి పదార్థాల అభివృద్ధి కేంద్రానికి బరంపురంలోనూ విభాగం ఉంది. చిన్న బట్టీదారుకు ఆ పరీక్ష తక్కువ ఖర్చుతో అందితే భౌగోళిక గుర్తింపు కాగితం దాటి సీసా మీదికి వస్తుంది.

తెలుగు నేలకు ఇందులో సొంత పాఠం ఒకటి ఉంది. మల్లె, అలాగే లిల్లీ అని మనం పిలిచే నేలసంపెంగ మరుగు వేడిని మొగలిలాగా తట్టుకోవు, కానీ కోసిన తరువాత కూడా గంటల తరబడి వాసనను విడుస్తూనే ఉంటాయి. అందుకే పూర్వం నువ్వుల మధ్య పూలను పొరలుగా పరిచి, వాడినవి తీసి కొత్తవి వేస్తూ, నువ్వులు వాసన పట్టాక గానుగ ఆడించేవారు. నిప్పు అక్కరలేని ఈ పద్ధతికి కావలసిన నువ్వులూ, గానుగలూ, పూలూ మూడూ ఇక్కడ ఉన్నాయి. ధర పడిపోయిన రోజున మార్కెట్లో పారబోసే పూలు తాజాగా ఉండగానే ఈ పనికి మళ్లితే రైతు నష్టం కొంతైనా తీరుతుంది. ఔషధ, సుగంధ మొక్కలపై పనిచేసే, హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ పరిశోధన కేంద్రం వంటి సంస్థలు ఈ పాత పద్ధతికి నేటి కొలమానాలు చేర్చి మహిళా సంఘాలకు నేర్పడం అసాధ్యమైన పని కాదు.

చివరికి అత్తరును బతికించేది కొనేవారే. చార్మినార్ దగ్గర అయినా మరెక్కడైనా అత్తరు కొనేవారు ముంజేతికి రాసి వాసన చూసి ఊరుకోకుండా, ఇందులో ఆధారం చందనమా పారాఫినా, పువ్వు ఏ ఊరిది, ఏ కాలంలో కాచినది అని అడగాలి. నిజం చెప్పే దుకాణదారుకు న్యాయమైన ధర ఇవ్వాలి. ఆ ధర గంజాంలో తెల్లవారకముందే ముళ్లపొదలోకి చేయి పెట్టే మనిషిదాకా చేరినప్పుడే మొగలి అత్తరు నిలుస్తుంది.