పిడి, పొన్ను, వాదర

ఆవకాయకు కాయ కొట్టడానికి కూరలు తరిగే కత్తి పనికిరాదు. కాయ పుల్లగా, పచ్చిగా, గట్టిగా ఉండాలి. లోపల టెంక ముదిరి ఉండాలి. కొట్టాక ఆ టెంక ప్రతి ముక్కకూ అంటిపెట్టుకునే ఉండాలి. పల్చటి స్టీలు కత్తి ఆ టెంకలో దిగి ఇరుక్కుపోతుంది. మామిడికాయల రోజుల్లో మార్కెట్ల దగ్గర కూర్చుని కాయలు కొట్టి ఇచ్చేవాళ్ల చేతుల్లోది చూడండి. ఒక కొస చెక్క మొద్దుకు బిగించి ఉంటుంది, రెండో కొసకు పిడి. వెన్ను మందంగా ఉండి, వాదర వైపు పోనుపోను సన్నబడుతుంది. ఎత్తి దించితే సగం పని కత్తి బరువే చేసేస్తుంది. దాన్ని కొలిమిలో కాల్చి, సుత్తితో సాగగొట్టి చేసింది కమ్మరి.

కమ్మరి చేసే ప్రతి కత్తీ ఫలానా పనికని పుడుతుంది. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి కత్తి మామిడికాయల కత్తికి పూర్తిగా విరుద్ధం. అది పల్చన, తేలిక. గెల కొసను రోజూ సన్నటి పొరగా చెక్కాలి కదా, మొద్దు వాదరతో కోస్తే గెలలోని నాళాలు నలిగి మూసుకుపోతాయి, కల్లు కారడం తగ్గిపోతుంది. అందుకని చెక్క మీద మెత్తటి రాతిపొడి చల్లి ఓపిగ్గా నూరుకుంటాడు. వరి కొడవలికి నున్నటి వాదర చాలదు. ఎండిన గడ్డి జారిపోకుండా పట్టుకోవడానికి సన్నటి కక్కులు కావాలి, అవి అరిగితే కోతల ముందు మళ్లీ కొట్టించుకోవాలి. కత్తిపీటలో అయితే అలుగు కదలదు, కదిలేవి చేతులు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కాబట్టి తోటకూర కట్టయినా, జారిపోయే చేపయినా ఇటూ అటూ పట్టుకుని కోసుకోవచ్చు. వాడేవాళ్లు చెప్పిన మాటలూ, చేసినవాళ్లు విన్న ఫిర్యాదులూ తరాల తరబడి కలిసి కుదిరిన ఆకారాలివి. ఎవరి పేరూ వీటి మీద లేదు.

ఇప్పుడు మన కొలుముల్లో కత్తికి ముడిసరుకు ఎక్కువగా పాత లారీల కమాన్ పట్టీలే. పాత ఇనుమే కదా అని దాన్ని చిన్నచూపు చూడకూడదు. ఏళ్ల తరబడి లోడు మోస్తూ వంగి మళ్లీ లేవడానికి చేసిన ఉక్కు అది. అందులో కర్బనం 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. అంతకంటే బాగా తగ్గితే ఎంత కాల్చి ముంచినా వాదర నిలవదు, బాగా పెరిగితే దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. నరికే కత్తికి, గొడ్డలికి, కొడవలికి ఆ పాళ్లు చక్కగా సరిపోతాయి. కంపెనీ కాగితాలు చదవకుండానే కమ్మరులు దాన్ని ఎంచుకున్నారంటే, వందల ముక్కలు కాల్చి చూసి నేర్చుకున్న తెలివి అది.

పట్టీని ముందు నారింజ రంగు దాటేదాకా కాలుస్తారు. పట్టకారుతో దాగలి మీద పెట్టి ఒకరు సుత్తితో చోటు చూపిస్తే, ఇంకొకరు సమ్మెటతో ఆ చోటే కొడతారు. ఇద్దరి మధ్య మాటలుండవు, సుత్తి చప్పుడే సంకేతం. వెలుగు తగ్గి ఎర్రబారాక కొట్టడం ఆపి మళ్లీ కొలిమిలో పెట్టాలి. చల్లారిన ఉక్కును మొండిగా కొడితే లోపల సన్నటి పగుళ్లు పడతాయి. అవి ఆ రోజు కనిపించవు, నెలల తర్వాత ఒక దెబ్బకు బయటపడతాయి. బొగ్గు మంచిది కాకపోయినా చిక్కే. రాక్షసి బొగ్గులో గంధకం ఎక్కువుంటే అది ఇనుములోకి చేరి వేడి మీద పెళుసు చేస్తుంది. పాతకాలం కమ్మరులు కర్రబొగ్గుకు పట్టుబట్టడానికి అదొక కారణం.

అలుగు ఆకారం తిరిగాక అసలు ఘట్టం పదును పెట్టడం. నాకు ఈ విద్యలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. కొలిమి పాకల్లో వెలుతురు తక్కువగా ఉండటం గమనించే ఉంటారు. అది పేదరికం ఒక్కటే కాదు, వేడిని కొలిచే పద్ధతి కూడా. ఎండలో ఎర్రటి ఉక్కు రంగు కంటికి సరిగా ఆనదు, నీడలో ఆనుతుంది. ఇనుము సూదంటురాయికి అంటుకోవడం మానేసే వేడి సుమారు 770 డిగ్రీలు. దానికి కాస్త పైన, 800 దాటే చోట ఉక్కును నీళ్లలో ముంచాలి. థర్మామీటరు లేకుండా కమ్మరి ఈ పని కళ్లతోనే చేస్తాడు. అదీ అలుగంతా కాదు, వాదర మేరకే ముంచి తీస్తాడు. వాదర గట్టిపడుతుంది, వెన్ను మెత్తగా మిగిలిపోతుంది. తీసిన వెంటనే వాదర మీద రాయితో రెండుసార్లు రుద్ది మెరుపు తెప్పించి చూస్తాడు. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా వాదర వైపు పాకుతుంటే ఆ మెరుపు మీద రంగులు నడుస్తాయి: ముందు ఎండుగడ్డి రంగు, ఆ తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. ఎండుగడ్డి రంగు దగ్గర ఆపితే కోతకు పనికొచ్చే గట్టి వాదర, ఊదా దాకా పోనిస్తే దెబ్బ తట్టుకునే గొడ్డలి వాదర. కావలసిన రంగు వచ్చిన క్షణాన మళ్లీ నీళ్లలో దించుతాడు. రెండు ముంచుళ్ల మధ్య ఉన్న ఆ కాసిని క్షణాల్లోనే కత్తి జాతకం తేలిపోతుంది.

తర్వాత పిడి. తుమ్మ కర్ర మన ప్రాంతంలో పనిముట్లకు పెట్టింది పేరు. గట్టిది, సులువుగా చీలదు. చేవ తేరిన ముక్క ఎంచి, బాగా ఆరబెట్టి, అలుగు తోకను ఎర్రగా కాల్చి అందులోకి దించుతారు. చుట్టూ కర్ర మాడి తోక ఆకారానికి సరిగ్గా సందు ఏర్పడుతుంది. పిడి మొదట్లో పొన్ను అనే కట్టు తొడుగుతారు, దెబ్బల ఒత్తిడికి కర్ర పగలకుండా. జిగురు లేదు, మరమేకులు లేవు. జారే చెమట చేతికి నున్నటి ప్లాస్టిక్ కంటే ఈ కర్ర మంచి పట్టు ఇస్తుంది, దెబ్బ తాలూకు అదురును కొంత తనలోనే దించుకుంటుంది. వాడేకొద్దీ చేతి నూనె పట్టి నల్లబడి, వాడినవాళ్ల వేళ్ల చోట్లు పడతాయి. పాతకాలపు తల్వార్లకు లోహపు పిడిలో కరిగించిన లక్క పోసి అలుగు బిగించేవారు. వేడి చేస్తే లక్క కరిగి అలుగు ఊడొస్తుంది, మళ్లీ పెట్టుకోవచ్చు. గేదె కొమ్ముతోనూ మంచి పిడి అవుతుంది. జింక, దుప్పి కొమ్ముల జోలికి మాత్రం పోకూడదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వాటి వ్యాపారం నేరం.

జపాన్‌లో ఒసాకా దగ్గరి సకాయ్ పట్టణం వంటకత్తులకు ప్రసిద్ధి. అక్కడ సంప్రదాయ కత్తికి మాగ్నోలియా జాతి చెట్టు కర్రతో పిడి, దాని మొదట్లో గేదె కొమ్ముతో పొన్ను. అలుగు తోకను కాల్చి పిడిలోకి దించుతారు. హైదరాబాద్‌లో, అమెరికాలో మనవాళ్లు ఆ కత్తులను వేలకు వేలు పోసి ముచ్చటగా కొనుక్కుంటున్నారు. కొనుక్కోవలసినవే, ఆ పనితనం అంత గొప్పది. కానీ అదే సూత్రంతో, అదే బిగింపుతో మన ఊరి కమ్మరి చేసిన కత్తి దగ్గరికి వచ్చేసరికి యాభై రూపాయలకు బేరమాడతాం. ఇది నాకు మింగుడుపడని సంగతి.

ఎందుకంటే ప్రపంచం మన ఉక్కు కోసం నడిచివచ్చిన రోజులున్నాయి. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి దగ్గరి కోనసముద్రంలో మూసల్లో కరిగించి చేసిన ఉక్కు ముద్దలను పర్షియా వర్తకులు కొనుక్కుపోయేవారు. బ్రిటిష్‌వాళ్లు చేసిన దేశ త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ పరిశీలకుడిగా పనిచేసిన హెన్రీ వోయ్సీ ఆ పనిని స్వయంగా చూశాడు. ఆయన రాసిన వివరణ 1832లో, ఆయన పోయిన తర్వాత అచ్చయింది. రెండు రకాల ఇనుమును పాళ్లు చూసి కలిపి మూసలో పెట్టడం అక్కడి పద్ధతి. ఆ మూసలు చేసింది మట్టిలో వరి ఊక కలిపి. ఊక కాలిపోయి మిగిలిన బూడిద, మసి కలిసి మూసకు మహా వేడిని తట్టుకునే శక్తినిచ్చాయి. దక్షిణాదిలో ఇంకొన్ని చోట్ల ఇనుముతో పాటు తంగేడు కర్ర, జిల్లేడు ఆకులు మూసలో వేసి మూసేవారు. ఆకూ కర్రా ఇచ్చిన కర్బనంతోనే ఇనుము ఉక్కయ్యేది. అలా వచ్చిన ఉక్కులో కర్బనం 1.2 నుంచి 1.8 శాతం దాకా ఉండేది. 1795లో జార్జ్ పియర్సన్ దాని మీద లండన్ రాయల్ సొసైటీకి పరిశోధన పత్రం సమర్పించాడు. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1820 ప్రాంతంలో దాని రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు. డమాస్కస్ పేరుతో లోకం మెచ్చుకున్న కత్తుల మీది అలల గీతలు ఈ ముద్దల్లోపల సహజంగా ఏర్పడ్డవి. ఇవాళ అదే పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మేవి చాలావరకు రెండు రకాల ఉక్కును పొరలుగా అతికి చేసినవి. అదీ ఒక విద్యే గాని, ఆ పాత ఉక్కు మాత్రం కాదు.

కొలిమి కత్తికి లోపాలున్నాయి, దాచనక్కర్లేదు. తడిగా వదిలేస్తే తుప్పు పడుతుంది. వంకాయ, అరటికాయ, పచ్చిమామిడి కోస్తే ముక్క నల్లబడుతుంది. ఇనుముకూ కాయలోని వగరుకూ పడే రంగు అది. నిమ్మకాయలకు, పండ్లకు స్టీలు కత్తి వాడుకోవడమే మేలు. మిగతా పనులకు మాత్రం కొలిమి కత్తిదే పైచేయి అని నా నమ్మకం. మొద్దుబారితే నాలుగు రుద్దులకే వాదర తిరిగొస్తుంది. కోసిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నాలుగు రోజులు వాడకుండా ఉంచాలంటే పల్చగా కొబ్బరినూనె రాస్తే చాలు. తుప్పు కనిపిస్తే చింతపండు, బూడిద. వాడగా వాడగా అలుగు మీద బూడిదరంగు పొర కడుతుంది, దాన్ని తోమి తెల్లగా చెయ్యొద్దు. తుప్పును కొంత ఆపేది ఆ పొరే. పిడి విరిగితే కొత్తది దించుతారు, వాదర పెచ్చు ఊడితే మళ్లీ కాల్చి సాగగొడతారు. అరిగి అరిగి సన్నబడిన పెద్ద కత్తి చిన్న కత్తిగా మరో పదేళ్లు పనిచేస్తుంది. చవకరకం స్టీలు కత్తికి ప్లాస్టిక్ పిడి ఊడిన రోజే ఆయుష్షు తీరిపోతుంది.

కమ్మరికి ఒకప్పుడు ఊరు పంట మీద మేర కొలిచి ఇచ్చేది. నాగలి కర్రు, గుంటక, కొడవలి అన్నీ అతని చేతి మీదుగా పోయేవి. ట్రాక్టరు, వరికోత యంత్రం వచ్చాక ఆ పని పోయింది, పనితో పాటు మేరా పోయింది. ఉత్తరాది నుంచి వచ్చిన సంచార కమ్మరి కుటుంబాలు మన పట్టణాల రోడ్ల పక్కన గుడారాలేసుకుని కత్తులు, గొడ్డళ్లు చేసి అమ్ముతున్నాయి. అక్కడ సమ్మెట ఎత్తేది తరచుగా ఆడవాళ్లే. 2023 సెప్టెంబరు 17న మొదలైన కేంద్ర విశ్వకర్మ పథకంలో కమ్మరులనూ చేర్చారు. పనిముట్లకు 15,000 రూపాయల సాయం, మూడు లక్షల దాకా తక్కువ వడ్డీ అప్పు అందులో ఉన్నాయి. అవి అవసరమే. కానీ అప్పు తీరాలంటే కొనేవాళ్లుండాలి.

ఈసారి ఆవకాయ పెట్టేముందు అటక మీది పాత కత్తిని కిందికి దించండి. తుప్పు పట్టిందని తూకానికి వెయ్యొద్దు. దగ్గర్లో కొలిమి ఎక్కడుందో అడిగి తీసుకెళ్లి వాదర సాగగొట్టించండి, తుమ్మ పిడి వేయించండి. కొత్తది కావాలంటే ఏ పనికో చెప్పి, మీ చేతి కొలత చూపించి చేయించుకోండి. అతను చెప్పిన ధర ఇవ్వండి.