చెట్టును చూస్తే పిట్ట దొరుకుతుంది

మాఘమాసం దాటేసరికి నల్లమలలో ఆకు రాలుతుంది. ఆత్మకూరు నుంచి బైర్లూటి వైపు, నంద్యాల నుంచి పచ్చర్ల వైపు దారి పొడవునా చెట్లు బోసిపోయి కనిపిస్తాయి. ఎండిన అడవిలో చూడ్డానికేముందని చాలామంది అనుకునే ఈ కాలమే పక్షుల ఫొటోలు తీసేవారికి పండగ. ఆకు దట్టంగా ఉన్నప్పుడు గొంతు మాత్రమే వినిపించిన పిట్ట ఇప్పుడు కొమ్మ మీద నిండుగా కనిపిస్తుంది. మోదుగ, బూరుగ, కొండగోగు ఆకులేని కొమ్మలకే పూస్తాయి. పూసిన చెట్టు దగ్గరికి పిట్టలు వాటంతటవే వస్తాయి.

రాయలసీమ అడవుల్లో ఆరితేరినవాళ్లు అందుకే ముందు పిట్టను వెతకరు, చెట్టును వెతుకుతారు.

ఫిబ్రవరి చివర్లో విరగబూసిన మోదుగ ఒక్కటి చాలు. పొద్దుటే దానికి కాస్త దూరంలో, ఎండ వీపున పడేలా కుదురుగా కూర్చుంటే తేనెపిట్టలు, గోరింకలు, పికిలిపిట్టలు ఒకదాని తర్వాత ఒకటి వాలతాయి. మూడుచారల ఉడుత పూలగుత్తిని ముందుకాళ్లతో దగ్గరికి లాక్కుని మూతి లోపలికి దూర్చి తేనె నాకుతుంది. అది తల పైకెత్తినప్పుడు మీసాలకు పుప్పొడి అంటి ఉంటుంది. పిట్ట వెంట లెన్సు తిప్పేవారికి ఎక్కువగా తోకలే దక్కుతాయి. బాగా విచ్చుకున్న గుత్తి ఒకటి చూసుకుని, దాని మీదే ఫోకస్ పెట్టుకుని కాచుకున్నవారికి ముఖం దొరుకుతుంది.

వెలుతురు లెక్క కూడా తెలియాలి. తెల్లని ఆకాశం ముందు వాలిన పిట్ట ఫొటోలో నల్లటి ముద్దగా పడుతుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచాలి. నీడపట్టున తిరిగే తోకపిగిలిపిట్టతో చిక్కు వేరు. ఎదిగిన మగపిట్ట తెల్లగా ఉంటుంది, వెనక చెట్లనీడ నల్లగా ఉంటుంది. ఇక్కడ ఎక్స్‌పోజర్ తగ్గించకపోతే ఈకల గీతలన్నీ చెరిగిపోతాయి. ఎగిరే పిట్టకు షట్టర్ వేగం సెకనులో వెయ్యో వంతుకు తగ్గకూడదు. వేసవిలో ఎండ ముదిరితే నేల నుంచి లేచే వేడిగాలికి దూరపు బొమ్మ అలలు అలలుగా కదులుతుంది. ఎంత ఖరీదైన లెన్సయినా అక్కడ చేసేదేమీ లేదు. ఆ కాలంలో పనంతా పొద్దు పైకెక్కక ముందే.

బెట్టుడుత కోసం మాత్రం తల పైకెత్తే ఉంచాలి. ఒంటికంటే పొడవైన తోకతో కొమ్మ నుంచి కొమ్మకు దూకే ఈ పెద్ద ఉడుత నేల మీదికి దిగడం అరుదు. ఎత్తయిన చెట్ల గుబురులో పుల్లలు, ఆకులతో ఒకటికి మించి గూళ్లు కట్టుకుంటుంది. ఉదయం, సాయంత్రం మేస్తుంది, మిట్టమధ్యాహ్నం కొమ్మకు వాలి పడుకుంటుంది. భయపడితే చాలాసార్లు పారిపోదు, మానును కరుచుకుని కదలకుండా ఉండిపోతుంది. పైనుంచి గింజల పొట్టు రాలడం, గూళ్లున్న చెట్లు, ఒకదానికొకటి అందే కొమ్మలు దాని ఆనవాళ్లు. నల్లమల చెంచులకు ఇవన్నీ పుట్టుకతో వచ్చిన చదువు. వారిని తోడు తీసుకెళ్లినవారికి అడవి త్వరగా అర్థమవుతుంది.

ఇలా ఆనవాలు పట్టే చూపు ఎంత పని చేస్తుందో కడప జిల్లా చూపించింది. 1848లో బ్రిటిష్ సైనిక వైద్యుడు థామస్ జెర్డాన్ లోకానికి తెలియజేసిన కలివికోడి అనే పిట్ట, 1900 తర్వాత పరిశోధకులెవరికీ కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ ఊరూరా తిరిగి వేటగాళ్లకు బొమ్మ చూపించి అడిగారు. 1986 జనవరిలో సిద్దవటం ప్రాంతంలోని రెడ్డిపల్లి దగ్గర, పిట్టలు పట్టే స్థానికుడి చేతికి రాత్రివేళ అది చిక్కింది. అన్నేళ్లూ పరిశోధకులకు చిక్కని పిట్ట ఉనికి స్థానికుల ఎరుకలో ఉంది.

తర్వాత దాని రక్షణకు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. పగలు కనబడని ఈ పిట్ట కోసం శాస్త్రజ్ఞులు పొదల మధ్య ఖాళీల్లో మెత్తటి మట్టి పరిచి కాలిముద్రలు చూశారు, దానంతటదే క్లిక్‌మనే కెమెరాలు పెట్టారు, చీకటి పడేవేళ దాని కూతను వినిపించి బదులు వస్తుందేమో విన్నారు. ఇలా కూడిన ఆధారాలు కాగితాల మీదే ఉండిపోలేదు. తెలుగుగంగ కాలువ పనులు దాని నివాసం మీదికి వచ్చినప్పుడు కాలువ దారి మార్చారు.

పక్షుల ఫొటోలు తీసే విద్యలో కట్టుబాట్లు కూడా భాగం. కూత రికార్డును శాస్త్రజ్ఞులు అనుమతితో, అవసరం మేరకు వాడతారు. ఫొటో కోసం పదేపదే వినిపిస్తే పిట్ట మేత మాని, లేని పోటీదారును వెతుక్కుంటూ తిరుగుతుంది. గూటి దగ్గరి కొమ్మలు విరిచి ఫొటో తీస్తే పిల్లలు ఎండకూ, కాకుల కంటికీ పడతాయి. ఏప్రిల్, మే నెలల్లో వాగులెండి ఒకటి రెండు మడుగులే మిగిలినప్పుడు నీటి అంచున మకాం వేయడం పిట్టల దాహానికి అడ్డం పడడమే. ఎర్రచందనం ఉన్న శేషాచలం, లంకమల అడవుల్లోకైతే అటవీశాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు.

కెమెరా లేనివారికీ ఇందులో చోటుంది. చూసిన పిట్టను తేదీ, చోటు రాసి ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయవచ్చు. చెట్లకైతే సీజన్‌వాచ్ అనే కార్యక్రమం ఉంది. బడి ఆవరణలోని వేపనో రేలనో ఎంచుకుని, వారం వారం చిగురు, పువ్వు, కాయ ఏ దశలో ఉన్నాయో పిల్లలే రాస్తారు. ఇలాంటి లెక్కలు కర్నూలు, కడప బడుల నుంచి ఏటా చేరుతూ ఉంటే, ఎండలు ముందే ముదిరిన ఏడాది రేల ఎప్పుడు పూసిందో, ఆ పూలకు ఏ పిట్టలు వచ్చాయో పదేళ్ల తర్వాత తేదీలతో సహా చెప్పవచ్చు.